మూడు కాళ్ల కొంగ

నా షెడ్డు పోవడానికి కారకుడు మా తోడల్లుడు కుండీల దొర. మా ఆవిడ అక్క మొగుడు. వాకిట్లో, మెట్ల మీద, చివరికి స్నానాలగది కిటికీలో కూడా పూలకుండీలు పెట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఎదురుగా "అన్నయ్యా" అంటాను. ఇక్కడ ఆ అవసరం లేదు.

ఎండలు మొదలవగానే అందరికీ చెమటకాయలు వస్తాయి. వాడికి ప్రేరణ వస్తుంది. వచ్చినదాన్ని తన ఇంట్లో ఉంచుకుని ఏడవొచ్చు కదా! చుట్టాలిళ్లన్నీ తిరిగి అంటిస్తాడు.

ఈసారి తిన్నగా మా పెరట్లోకి వచ్చి, నా రేకుల షెడ్డు ముందు నిలబడి, పోయినవాళ్ల ఫొటో చూసినట్టు చూశాడు.

"తమ్ముడూ, ఈ మూల ఊపిరాడక కొట్టుకుంటోంది."

"మూలకి ఊపిరేంటి అన్నయ్యా?"

"ఈయనకి నేను చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది బావగారూ," అంది మా ఆవిడ. "ఎప్పట్నుంచో పోగేసిన పాత సామాను. ఆదివారం ఇనప సామానువాణ్ణి పిలిచి అంతా తూకానికి వేసేస్తా. షెడ్డు పీకించి గులాబీలు పెడతా."

నేను ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసేవాణ్ణి. షాపులో పట్టనివి ఆ షెడ్డులో పడేస్తాను. నిజం చెప్పొద్దూ, ఆ సామాను మీద నాకంత మమకారమేం లేదు. దాని మధ్యలో ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చుంటే "ఏవండీ" అన్న పిలుపు సగమే వినిపిస్తుంది. ఈ ఇంట్లో నాకు మిగిలిన రాజ్యం అదొక్కటే.

అప్పుడు నా బుర్ర వెలిగింది. దొర ఒక పగిలిన కూజాకి రంగు పూసి తన ఇంటి హాల్లో నిలబెట్టాడు. వచ్చినవాళ్లంతా నోళ్లు వెళ్లబెడుతున్నారు. పగిలిన కూజాకే అంత మర్యాద జరుగుతుంటే కాలిపోయిన మోటారు ఏం పాపం చేసింది?

రెండు రోజులు షాపు ఎగ్గొట్టి, ఫ్యాన్ రెక్కల్ని రాగి తీగతో కట్టి పువ్వు చేశాను. డొక్కు మోటారుకి ఇనప చువ్వలు దిగ్గొట్టి కొంగ చేశాను. మిగతావాటికి తలో రంగు పులిమాను. నా చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది గానీ, రంగు డబ్బా మూత తీయడానికి ఆ మాత్రం చాలు.

మా ఆవిడ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంటండీ ఇది?"

"పొద్దుతిరుగుడు పువ్వు."

"తిరుగుతుందా?"

"తిరిగితే ఫ్యానంటారు. తిరక్కపోతే కళంటారు."

"మరి ఈ కొంగకి మూడు కాళ్లేంటి?"

"రెండు నిలబడ్డానికి. ఒకటి పడిపోకుండా."

ఆవిడ కొంగని చూసింది, నన్ను చూసింది. కొంగనే కాస్త గౌరవంగా చూసినట్టనిపించింది.

"అయితే ఇది పాత సామాను కాదంటారు."

"ఛ! ఒక్క ముక్క కూడా కాదు. అంతా చేతికళ."

"ఒట్టు?"

"ఒట్టు."

"సరే, ఇనప సామానువాణ్ణి రావద్దంటాను."

గెలిచాననుకుని ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయాను. పొద్దున లేచేసరికి దొర పెరట్లో ఉన్నాడు. మా ఆవిడే పిలిపించింది. కళ్లజోడు తుడుచుకుని పువ్వు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"తమ్ముడూ! నీలో ఇంత సరుకుందని అనుకోలేదు."

ఇన్నేళ్లలో ఎన్ని మోటార్లు బాగుచేసినా నన్ను ఎవడూ ఆ మాటనలేదు. ఛాతీ ఉబ్బిపోయింది. అదే నా కొంప ముంచింది.

"బావగారూ, ఇలాంటివి షెడ్డులో ఉంచొచ్చా?" అడిగింది మా ఆవిడ, అమాయకంగా.

"మహాపాపం! కళకి వెలుతురు కావాలి, గాలి కావాలి, నలుగురి చూపు కావాలి. ఏం తమ్ముడూ?"

"మరే అన్నయ్యా," అన్నాను, కొత్తగా వచ్చిన కళాకారుడి గొంతుతో.

గంట తిరక్కుండా నా సామానంతా వాకిట్లోకి, వీధి గోడ మీదికి చేరింది. నేను కొంగని ఏ వైపు తిప్పి పెట్టాలా అని చూస్తుంటే పెరట్లో టకటకమని చప్పుడు. దొర షెడ్డు రేకుల మేకులు పీకుతున్నాడు.

"అదేంటే! షెడ్డెందుకు పీకిస్తున్నావ్?"

"పాత సామాను కోసం కదండీ షెడ్డు. మనింట్లో పాత సామానేది? మీరే ఒట్టేశారుగా."

ఉందంటే ఇనప సామానువాడు దిగుతాడు. లేదంటే షెడ్డు లేస్తుంది.

"మరి... కళ చేసుకోడానికి నాకో చోటుండాలి కదే?"

"నిజమైన కళాకారుడికి చోటుతో పనేంటి తమ్ముడూ?" అన్నాడు దొర, నోట్లో మేకు పెట్టుకునే. "వీధి అరుగు మీద కూర్చుని చెయ్యి. నలుగురూ చూస్తారు."

చూస్తున్నారు. నిన్న ఎదురింటావిడ చెడిపోయిన మిక్సీ తెచ్చింది. బాగుచేసిస్తానంటే వద్దంది. కుందేలు చేసిపెట్టమంది.

పెరట్లో ఇప్పుడు గులాబీలున్నాయి. అక్కడికి చెప్పులతో రాకూడదట. చెప్పుల్లేకుండా వెళితే ముళ్లు. అసలు నాకు పోయిందెంతో తెలుసుకుందామని టేపు పట్టాను. పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఏడడుగులు. నా గుణకారానికి అరవై వచ్చింది. మొక్కలకి నీళ్లు పోస్తున్న కుండీల దొర తల కూడా ఎత్తకుండా సరిదిద్దాడు.

అరవై మూడు చదరపుటడుగులు.