మడుగు గట్టున గ్యాస్ బోర్డు

బోర్డుల మేస్త్రీ ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. రంగు ఆరిన బోర్డును సైకిలుకు కట్టుకుని వీధి చివరి మడుగు గట్టున పాతి రావడం. తర్వాత ఇంటికొచ్చి, కాఫీ తాగి, కాసేపు నడుం వాల్చడం.

పని నీటి శాఖ ఇంజినీరు ఇచ్చాడు. ఊరి చుట్టూ ఉన్న మడుగులన్నిటికీ బోర్డులు కావాలి. మొదటిది నచ్చితే మిగతావన్నీ మేస్త్రీకే, నచ్చకపోతే ఫ్లెక్సీ షాపుకి. ఫ్లెక్సీలు వచ్చాక మేస్త్రీ కుంచెలు ఎండి చీపురు పుల్లలైపోయాయి. ఇదీ జారిపోతే ఆ షాపువాడి దగ్గరే చేతులు కట్టుకుని నిలబడాలి.

ఇంజినీరు రాయమన్నది ఇదీ: "ఈ మడుగులో చిత్తడి వాయువు సహజముగా పుట్టును." మేస్త్రీకి ముక్క అర్థం కాలేదు. అడిగితే ఈ మాత్రం తెలియనివాడికి పనెందుకంటాడేమోనని నోరు కుట్టేసుకున్నాడు. అక్షరం నాది, అర్థం మీది అన్నది ఎప్పటినుంచో అతని పద్ధతి.

అతనికి ఇంకో పద్ధతి కూడా ఉంది. బొమ్మ వెయ్యందే బోర్డు గడప దాటనివ్వడు. మంగలికి కత్తెర, పళ్ళ డాక్టరుకి పన్ను. చదువు రానివాడికీ తెలియాలిగా! మరి చిత్తడి వాయువుకి ఏం వెయ్యాలి? ముందురోజే పెళ్ళాన్ని అడిగాడు.

"చిత్తడంటే బురద, వాయువంటే గాలి. బురదలో గాలేమిటి, నీ మొహం! రంగుల వాసనకి మతి పోయింది నీకు," అంది ఆవిడ.

పక్కనే ఆవిడ తమ్ముడున్నాడు. తెలియదన్న మాట పుట్టిన దగ్గర్నించీ ఎరగడు. "గ్యాస్, బావా! మన పొయ్యిలో మండేదే."

"బురదలో పొయ్యెవడు పెట్టాడ్రా?"

"గవర్నమెంటు. అది ఎక్కడైనా పెడుతుంది."

"అయితే సిలిండర్ వెయ్యి," అని పెళ్ళాం తీర్పు చెప్పేసింది.

మేస్త్రీ ఎర్రటి సిలిండరు వేశాడు. చెయ్యి ఊరుకోక పక్కన పొయ్యి, దాని మీద నీలం మంట కూడా వేశాడు. మంట ఎంత బాగా కుదిరిందంటే తనే చెయ్యి కాచుకోబోయాడు.

బోర్డు పాతి వచ్చి పడుకున్నాడో లేదో వీధిలో ఒకటే దడదడ. లేచి చూస్తే జనం సిలిండర్లు దొర్లించుకుంటూ మడుగు వైపు పరుగు. వెనకాలే పోయాడు. గట్టు మీద ఇంత పొడుగు వరస. అందరికంటే ముందు సిలిండరునే పీటగా వేసుక్కూర్చుని తన పెళ్ళాం!

"నువ్విక్కడేం చేస్తున్నావే?"

"కనబట్టంలా? గ్యాసు కోసం."

"గ్యాసెక్కడిది? ఆ బొమ్మ వెయ్యమంది నువ్వే కదా!"

"వెయ్యమన్నాను. ఉందో లేదో నాకేం తెలుసు? ఇప్పుడు బోర్డు మీద ఉంది కదయ్యా!"

మేస్త్రీ బోర్డు వంక చూశాడు. ఉన్నమాట నిజమే. తను వేశాడు కాబట్టి ఉందా, ఉంది కాబట్టి తను వేశాడా అన్నది ఎంత ఆలోచించినా తెగలేదు. దేనికైనా మంచిదని పెళ్ళాం వెనకాల నిలబడ్డాడు.

అంతలో గ్యాస్ బండివాడు వచ్చాడు. తన పొట్ట కొట్టారని పోట్లాటకొచ్చాడనుకుని అందరూ పక్కకి తప్పుకున్నారు. వాడు ఖాళీ సిలిండర్లన్నీ దించి, "చివరెవరండీ?" అని అడిగి వరసలో చేరాడు. బండివాడే వచ్చాడంటే ఇక తిరుగులేదని పక్క వీధివాళ్ళు కూడా దిగారు.

కబురు అంది ఇంజినీరు జీపులో ఊడిపడ్డాడు. బోర్డు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "బాబూ, ఇక్కడ గ్యాస్ ఇవ్వరు! నీళ్ళడుగున గాలాడక ఆకూ గడ్డీ కుళ్ళితే బురదలోంచి పైకొచ్చేదే చిత్తడి వాయువు. అంతే!"

"మా పెరటి మురుగ్గుంటలోనూ బుడగలొస్తాయి నాయనా. అక్కడో బోర్డు పాతించు," అంది ఒక ముసలమ్మ.

"దాన్ని చిత్తడి వాయువనకూడదమ్మా. చిత్తడి నేలలో దానంతటది పుడితేనే ఆ పేరు. మీది మురుగు వాయువు."

"మండుతుందా?"

"మండుతుందనుకోండి..."

"మండేదానికి పేరుతో పనేంటి నాయనా?"

ఇంజినీరుకి చిర్రెత్తింది. "దీని మీద గ్లాసు కాఫీ కూడా కాగదు. కావాలంటే చూడండి!" అంటూ గడకర్రతో బురద కెలికాడు. బుడబుడమంటూ బుడగలొచ్చాయి. వంగి అగ్గిపుల్ల గీశాడు. భగ్గుమంది.

ఇంజినీరు లేచేసరికి మీసం ఒక పక్కే మిగిలింది. జనం ఈలలేశారు. "ఉంది! ఉంది!" అంటూ వరస రెండింతలైంది.

మేస్త్రీ ఆ సగం మీసం వంక చూశాడు. బోర్డులన్నీ ఫ్లెక్సీ షాపుకి పోయినట్టే అనుకున్నాడు. ఇంజినీరు మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచాడు. "ముందా బొమ్మ చెరుపు! చూడగానే జనం పారిపోయే బొమ్మ వెయ్యి!"

"ఏం బొమ్మండీ?"

"నీ ఇష్టం!" అని జీపెక్కి పోయాడు.

మేస్త్రీ ఇంటికి పరిగెత్తి డబ్బాలు తెచ్చాడు. ఎంత తన్నుకున్నా బుర్రలో వేరే బొమ్మ దిగలేదు. కళ్ళలో మెదిలేదే వేసేశాడు. పొగలు కక్కే మొహం, గుడ్లు తేలేసిన కళ్ళు, సగం మీసం. వరసలో ముందున్నవాళ్ళలో ఒకడు చూసి, తన మీసం తడుముకుని, సిలిండరు దొర్లించుకుని ఇంటిదారి పట్టాడు. మిగతావాళ్ళూ అంతే. చీకటి పడకముందే గట్టు ఖాళీ.

మర్నాడు పెద్ద ఇంజినీరు వచ్చి నిర్మానుష్యంగా ఉన్న గట్టునీ, బోర్డునీ చూశాడు. కాసేపు జేబురుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. మిగతా బోర్డులన్నీ ఇతనికే ఇమ్మన్నాడు, బొమ్మలో వెంట్రుక కూడా మార్చొద్దన్నాడు.

ఇప్పుడు ఏ మడుగు గట్టుకీ పిట్ట తప్ప ఎవరూ పోవడం లేదు. బొమ్మ కింద ఏం రాసుందో మాత్రం ఇంతవరకు ఎవరూ చదవలేదు.