విజయ ఉరఫ్ విత్తోరియా

ఆడపిల్లలకు పేర్లు పెట్టే అధికారం తల్లిదండ్రులదని లోకం భ్రమపడుతోంది. ఆ అధికారం సూరత్ రింగ్‌రోడ్డు చీరల మార్కెట్‌ది. అక్కడ ఏ కొత్త డిజైను చీరైనా ఒక ఆడపిల్ల పేరు తగిలించుకోనిదే దుకాణం గడప దాటదు. పేరు లేని చీర సారీ చెప్పి వెనక్కి వస్తుంది. (చీరను హిందీలో సారీ అనడం ఇందుకేనని నా పరిశోధన. దీన్ని ఖండించినవారు ఇంతవరకు లేరు. చదివినవారూ లేరు.)

సూరత్‌లోని లింబాయత్‌లో నా గది కింది ఇంట్లో ఉండే వరప్రసాద్, దినేశ్ సేఠ్ దుకాణంలో ఈ నామకరణ శాఖకు అధిపతి. జీతం మాత్రం పార్సిళ్లు కట్టే గుమాస్తాది. శాఖకు కఠిన నియమాలున్నాయి. సేఠ్ కోడళ్ల పేర్లు వాడరాదు. ఒకామె అమ్ముడుపోయి ఇంకొకామె మూలనపడితే ఆ ఇంట్లో వంట ఆగిపోతుంది. నాగపూర్ వ్యాపారుల నుంచి వాపసు వచ్చిన పేరును ఆర్నెల్లు క్వారంటైన్‌లో ఉంచాలి. కొన్నవాళ్లకు నామం, అమ్మినవాళ్లకు పేరు. ఇదే శాఖ ఆశయం.

వరప్రసాద్ తండ్రి బక్కయ్య తాత సిరిసిల్ల నుంచి వచ్చి, వయసంతా ఇక్కడి మరమగ్గాల మీద 'ఇటాలియన్ క్రేప్' నేశాడు. ఆ బట్ట ఇటలీ మొహం చూడలేదు, ఇటలీ దాని మొహం చూడలేదు. (హిందీలో సూరత్ అంటేనే మొహం. ఉన్న మొహం చాలదా?) 2020 మార్చిలో టీవీలో ఇటలీ కరోనా సంగతి చూసి సేఠ్ బెదిరిపోయాడు. ఒక్క పూటలో 'ఇటాలియన్' స్టిక్కర్లన్నీ పీకించి 'స్వదేశీ క్రేప్' అని అతికించాడు. దీపావళికి భయం తగ్గాక మళ్లీ ఇటలీ అతికింది. దేశాలు మారాయి గానీ పోగు మారలేదు.

రెండో వేవ్‌లో బక్కయ్య తాత భార్య విజయమ్మ ఆసుపత్రికి నడిచే వెళ్లింది. తర్వాత ఆమెను మాకు ప్యాకింగ్‌లోనే చూపించారు. పైన స్టిక్కర్ మీద పేరుంది. చదివి, ఆమేనని ఒప్పుకున్నాం. సూరత్ వాళ్లం, స్టిక్కర్‌ను నమ్మడం మాకు వృత్తిరీత్యా అలవాటు.

ఆ ఏడు దసరా ముందు వరప్రసాద్ భార్య ఊర్మిళకు ఆడపిల్ల పుట్టింది. బక్కయ్య తాత ఒక్కటే అడిగాడు.

"మీ అవ్వ పేరు పెట్టుండ్రిరా. ఇంట్ల ఆ పేరు పిలువక నోరు కట్టేసినట్టయితుంది."

"విజయ అంటే ఓల్డ్ స్టాక్ బాపూ," అన్నాడు శాఖాధిపతి.

"గా పేరు ఇప్పుడు టీచర్లకుంటది గని పిల్లలకుండది మామా," అంది ఊర్మిళ.

చర్చలు మూడు చాయ్‌ల దాకా సాగి, మధ్యేమార్గం దొరికింది. అర్థం అవ్వది ఉండాలి, అవతారం దుకాణంలో అమ్ముడుపోయే ఇటలీది కావాలి. సలహాదారుగా నన్నూ నియమించారు. నేను సూచించిన 'ఇటాలక్ష్మి'ని ఏకగ్రీవంగా తిరస్కరించారు.

చివరికి ఫోన్‌లో పేర్లు చెప్పే యాప్‌ను ఆశ్రయించారు. అసలు పేరు? విజయ. ఏ దేశం? ఇటలీ. యాప్ కాసేపు గుండ్రంగా తిరిగి, 'విత్తోరియా, అర్థం: విజయం' అని తీర్పు చెప్పింది. పేరు ఖాయం చేయాలంటే ఓటీపీ కావాలంది. (ఆ రోజుల్లో ఓటీపీ లేనిదే పాలవాడు కూడా గిన్నె ముట్టేవాడు కాదు.) వరప్రసాద్ నంబరు దానికి ఎందుకో రుచించలేదు. ఇంట్లో ఉన్న రెండో నంబరు బక్కయ్య తాతది.

"బాపూ, నీ ఫోన్ల నంబర్ అచ్చింది. జర చదువు."

తాత కళ్లద్దాలు తగిలించుకొని ఒక్కొక్క అంకె పైకి చదివాడు. చదవడం అయిపోగానే లేచి, చొక్కా చేయి భుజం దాకా మడిచాడు.

"కరోనా రెండో సూది యాడేస్తరు? గదే బడిలనా?"

"సూది గాదు బాపూ. పొల్ల పేరు ఖాయమైంది. విత్తోరియా."

తాత మడిచిన చొక్కా చేతిని మెల్లగా కిందికి దించుకున్నాడు. ఆ విధంగా ఇంటి పెద్ద సమ్మతి సక్రమంగా, అంకెల రూపంలో లభించింది. మునిసిపాలిటీ నుంచి సర్టిఫికెట్ కూడా వచ్చేసింది.

అప్పటినుంచి తాత మనవరాలిని 'ఏ పొల్లా' అనే పిలిచాడు.

"పేరు పెట్టి పిలువరాదు మామా?" అని ఊర్మిళ అడిగితే, "నోరు తిరుగుతలేదు బిడ్డా," అన్నాడు. (జీవితమంతా ఇటాలియన్ క్రేప్ అన్న నోరు!)

కూతురి మీద మురిపెంతో వరప్రసాద్ ఒక క్రేప్ చీరకు కూడా విత్తోరియా అని పెట్టాడు. చీర నాగపూర్ వెళ్లి, అక్కడి ఊరంతా చూసి, క్షేమంగా తిరిగొచ్చింది. సేఠ్ అతణ్ని గద్దె దగ్గరికి పిలిచాడు.

"వరాభాయ్, ఫారిన్ ఖతం. హవే దాదీమా నా నామ్ లావో." ఇక నాయనమ్మల పేర్లు పట్టుకురమ్మని హుకుం.

వరప్రసాద్ వాపసు వచ్చిన చీర మీది స్టిక్కర్‌ను గోటితో గీకాడు. తర్వాత, "విజయ," అన్నాడు.

సేఠ్ కళ్లు మూసుకున్నాడు. "వాహ్! ఆమా దమ్ ఛే!" ఇందులో దమ్ముందని మెచ్చుకొని వెంటనే రేటు పెంచాడు. చీరల మీద విత్తోరియాను పీకి విజయను అతికించారు. నెల తిరగకముందే నాగపూర్ ఇంకా పంపమంది.

శాంపిల్ చీర ఒకటి ఇంటికి వచ్చింది. తాత దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు.

"మొన్నటిదాక ఇది విత్తోరియానే గదరా?"

"అవ్ బాపూ."

"ఇయ్యాల విజయ జేసిండ్రు."

"అవ్."

"మరి పొల్లను గూడ గిట్లనే జేయరాదు?"

"చీరకు స్టిక్కర్ ఉంటది బాపూ. పొల్లకు సర్టిఫికెట్ ఉంటది."

తాత మర్నాడు పొద్దున్నే దుకాణానికి వెళ్లి, కొడుకు కట్టిన పార్సిల్లోంచే ఒక చీర కొన్నాడు. శాంపిల్ తిరిగివ్వాల్సిన సరుకు, కొన్నదయితే వాపసు అడగరని ఆయన లెక్క. (అమ్మిన సరుకు మార్చబడదని బిల్లు కింద అచ్చు వేసే ఉంది.) ఇంటికొచ్చి దాన్ని దూలానికి మనవరాలి ఉయ్యాలగా కట్టాడు. దాని మీది 'విజయ' స్టిక్కర్ పీకబోయిన ఊర్మిళను, "ఉండనియ్యి," అని ఆపాడు.

ఇప్పుడు మధ్యాహ్నం పూట కింది ఇంట్లోంచి నా గదిలోకి ఆయన గొంతు వినిపిస్తుంటుంది: "విజయా, పండుకో. విజయా, నేనీన్నే ఉన్న." యాప్‌కు గానీ మునిసిపాలిటీకి గానీ ఇందులో అభ్యంతరం ఉండే అవకాశం లేదు. ఆయన పిలుస్తున్నది చీరను. దానికి ఎవరి ఓటీపీ అక్కర్లేదు.