మూడు గజాల కువైట్

ఆ శుక్రవారం పొద్దున నంజుండప్ప పెట్టుకున్న పని చిన్నదే. గనిలో అతనిది మధ్యాహ్నం షిఫ్టు. ఆలోపల ఇంటి పక్కనున్న మూడు గజాల ఖాళీ జాగాలో నాలుగు ఇటుకలు పేర్చి, భార్య నరసమ్మకు తులసికోట కట్టివ్వాలి. శ్రావణమాసం వచ్చినప్పటి నుంచి ఆమె అడుగుతూనే ఉంది. ఏడు గంటల తెలుగు వార్తలు విని, కాఫీ తాగి లేవాలనుకున్నాడు.

వార్తల్లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిందని చెప్పారు. నంజుండప్ప గ్లాసు కింద పెట్టేశాడు.

“విన్నావా నరసమ్మా! పెద్ద దేశం వచ్చి పక్కనుండే చిన్న దేశాన్ని మింగేసింది. అడిగేవాళ్లే లేరా?”

“నువ్వు అడుగుదువు గానీ, ముందు ఇటుకలు తీసుకో,” అంది నరసమ్మ.

ఇటుకలతో బయటికి వచ్చిన నంజుండప్పకు ఆ మూడు గజాల జాగాలో నాలుగు గుంజలు, వాటి మీద పాత రేకు, రేకు కింద తీరుబడిగా నెమరు వేస్తున్న సీమ ఆవు కనబడ్డాయి. పక్కింటి ఎల్లప్ప చివరి గుంజ చుట్టూ మట్టి తొక్కుతున్నాడు.

“ఏమి బావా ఇది?”

“వానలు వస్తా ఉండాయి కదా బావా. ఆవు తడస్తా ఉండాది.”

“ఇది నా జాగా!”

“నీదెట్లయ్యె? దొరలు పోయి, గని సర్కారుదై ఎన్నేండ్లాయె? సర్కారుదంటే అందరిదీ. ఆ అందరిలో నా ఆవు లేదా?”

నంజుండప్ప ఇటుకలు పట్టుకుని లోపలికి వచ్చి రేడియో ముందు కూర్చున్నాడు.

నిజానికి ఎల్లప్ప పరాయివాడు కాదు. ఇద్దరిదీ ముళబాగిలు పక్క ఒకే ఊరు. ఒకే ఏడు గనిలో చేరారు. పన్నెండేళ్ల కిందట లోపల బండ పగిలి కూలినప్పుడు ఇద్దరూ ఒక పగలంతా రాళ్ల వెనక చిక్కుకుపోయారు. ఆ చీకట్లో ఇద్దరూ వెంకటరమణస్వామికి మొక్కుకున్నారు. బతికి బయటపడితే ఏటా శ్రావణమాసం కడపటి శనివారం నామం పెట్టుకుని, తామున్న గని కూలీల ఇండ్ల వరుసలో, అంటే లైనులో, మిగతా ఏడు ఇండ్లకూ, ఒక్కటీ విడవకుండా పోయి బియ్యం బిచ్చమెత్తి, ఆ బియ్యం వండి స్వామికి నైవేద్యంగా తళిగ వేస్తామని. బిచ్చం ముగిసేదాకా గోవింద నామం తప్ప ఇంకో మాట నోట రాకూడదని కూడా అనుకున్నారు. ఇంతవరకు ఆ మొక్కు తప్పలేదు. ఆ తరువాత నంజుండప్పకు పైనే, మనుషులను గనిలోకి దించే కేజి అనే ఇనుప బోనుకు గంట కొట్టే పని ఇచ్చారు. అయినా తన ప్రాణం ఇప్పటికీ ఆ పిడికెళ్ల బియ్యం మీదే నిలబడి ఉందని అతని నమ్మకం.

మంగళవారం వార్తల్లో ఎల్లప్ప ఆక్రమణకు మందు దొరికింది. ఇరాక్‌తో ఎవరూ ఏమీ కొనకూడదు, అమ్మకూడదు అని ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టిందట. నంజుండప్ప చెంబు కూడా తీసుకోకుండా, లైనంతా నీళ్లకు చేరే కొళాయి దగ్గరికి పోయాడు.

“ఎల్లప్ప ఇంటి నుంచి ఎవరూ ఏమీ తీసుకోగూడదు. ఆ ఇంటికి ఏమీ ఇయ్యగూడదు. పాలు కూడా వద్దు. గుంజలు పీకేదాకా ఇంతే. తప్పినోళ్లు మారమ్మ గుడికి ఒక టెంకాయ.”

“మందులకో?” అన్నాడు చెన్నప్ప. లైనులో అందరికన్నా పెద్దవాడు ఆయన.

“మందులకు విడిచినారంట పెద్దాయనా. రేడియోలో చెప్పినారు.”

రేడియోలో వచ్చే సంగతి తమ కొళాయి దాకా రావడం అందరికీ గొప్పగా తోచింది. చేతులెత్తారు. మరునాడు ఎల్లప్ప భార్య తాయమ్మ పాల క్యాను ఏడు గడపలూ తిరిగి నిండుగానే ఇంటికి చేరింది. పాలు లేని కాఫీ చప్పరిస్తూ నంజుండప్ప, ప్రపంచంలో న్యాయమనేది ఇంకా ఉందని నరసమ్మకు చెప్పాడు.

“ఉంటే ఉండనీ. చక్కెర ఇంకొంచెం వేసుకో,” అంది ఆమె.

తాయమ్మ కూడా ఊరుకోలేదు. లైనంతటికీ ఉన్న ఒకే ఒక రుబ్బురోలు ఆమె పెరట్లో ఉంది. పిండి రుబ్బుకోవడానికి నానిన బియ్యంతో వచ్చిన గంగులమ్మను వాకిట్లోనే ఆపింది.

“నా ఇంట్లో ఏమీ తీసుకోగూడదంట కదమ్మా. పిండి తీసుకోని పోతే నీకు టెంకాయ పడదా?”

ఆ వారం లైనులో ఇడ్లీ లేదు, దోసె లేదు. మగవాళ్లు రాగిముద్ద ముందు కూర్చుని కువైట్‌ను తిట్టారు. ఆడవాళ్లు నంజుండప్పను తిట్టారు. గురువారం గంగులమ్మ కొంగు కింద గ్లాసు దాచుకుని పోతుంటే నంజుండప్ప ఆపాడు.

“ఏందమ్మా అది?”

“పాలన్నా. మా అత్తకు దగ్గు. మందు మింగాల.”

సాయంకాలానికి చెన్నప్పకు కడుపునొప్పి వచ్చింది. శుక్రవారం పొద్దున పిల్లప్ప ఇంట్లో కాలు బెణికింది.

“బెణికిన కాలికి పాలెందుకప్పా?”

“పూస్తామన్నా.”

ఆదివారానికి నంజుండప్ప ఇల్లు తప్ప లైనులో ఆరోగ్యంగా ఉన్న ఇల్లు లేదు. ఇంగ మందులకు కూడా మినహాయింపు లేదని చెప్పి, అతను తీరిక దొరికినప్పుడల్లా వాకిట్లో స్టూలు వేసుకుని, ఒళ్లో రేడియోతో, పోయే గ్లాసులన్నీ తొంగిచూడడం మొదలుపెట్టాడు.

మిగిలిన పాలను తాయమ్మ పాలకోవా చేసి మారమ్మ గుడిలో నైవేద్యం పెట్టింది. పూజారి దాన్ని లైనంతటికీ పంచాడు. విస్తరాకులో వచ్చిన కోవాను నంజుండప్ప అనుమానంగా చూశాడు.

“అమ్మవారి ప్రసాదం వద్దంటావా?” అంది నరసమ్మ.

అతను కళ్లకద్దుకుని తిన్నాడు. బాగుందని అనలేదు. రెండోసారి మాత్రం చెయ్యి చాచాడు.

ఇలా పదిరోజులు గడిచాయి. శుక్రవారం నరసమ్మ ఇత్తడి చెంబు తళతళా తోమి అతని ముందు పెట్టింది.

“రేపు కడపటి శనివారం. ఏడిండ్లకు పోతావా, ఆరిండ్లకా?”

నంజుండప్ప రేడియో గొంతు తగ్గించాడు. పదిరోజులుగా ప్రపంచంలోని దేశాలన్నీ గుర్తున్నాయి గానీ, ఇది గుర్తు లేదు.

“స్వామికి చెప్పుకుంటే ఆరిండ్లకు ఒప్పుకోడా?”

“బండల వెనక ఉన్నప్పుడు ఏడని, పైకొచ్చినాక ఆరంటావా? నేనైతే ఒప్పుకోను. స్వామి నాకన్నా మంచోడు, అడిగి చూడు.”

అడగడానికి ధైర్యం చాలలేదు. చెన్నప్ప దగ్గరికి పోయి, బిచ్చానికి ఆంక్షలు వర్తించవని ఒక మాట చెప్పమన్నాడు.

“మందులకే వద్దంటివి కదప్పా. నా కడుపునొప్పిని ఎవరు చూసినారు?” అని చెన్నప్ప అటు తిరిగి పడుకున్నాడు.

శనివారం పొద్దున నంజుండప్ప తడిపంచె కట్టి, నామం పెట్టి, చెంబు పట్టుకుని ఎల్లప్ప గడప ముందు నిలబడ్డాడు. “వెంకటరమణా, గోవిందా!” అన్నాడు. ఏడు వాకిళ్లలోనూ జనం నిలబడి చూస్తున్నారు. తాయమ్మ చేట నిండా బియ్యంతో వచ్చింది. కానీ పోయలేదు.

“నా బియ్యం తీసుకుంటే టెంకాయ కదన్నా? ఆంక్షలు తీసేసినావా?”

“గోవిందా!”

“తీసేసినట్టా, లేనట్టా?”

“గోవిందా, గోవిందా!”

“ఆయప్ప మాట్లాడగూడదమ్మా,” అని చెన్నప్ప కేకేశాడు. “తల ఊపమను.”

నంజుండప్ప తల ఊపాడు.

“గట్టిగా ఊపన్నా, గంగులమ్మకు కనపళ్లేదంట. సరే, మరి మా ఆవు కొట్టం? ఉండొచ్చునా?”

నంజుండప్ప కొట్టం వైపు చూశాడు. ఆవు కూడా అతని వైపే చూస్తోంది. చేతిలో చెంబు ఖాళీగా ఉంది. బండల వెనక ఆ పగలు ఎంత చీకటిగా ఉండిందో గుర్తొచ్చింది. ఆ చీకట్లో తన చెయ్యి పట్టుకుని గోవిందా అన్న రెండో గొంతు ఎవరిదో కూడా గుర్తొచ్చింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే గట్టిగా తల ఊపాడు.

బియ్యం చెంబులో జలజలా పడ్డాయి. లైనంతా గోవిందా అని అరిచింది. పదిరోజులుగా దగ్గుతున్న గంగులమ్మ అత్త అందరికన్నా ముందు పాలగ్లాసుతో పరుగెత్తింది.

మిగతా ఆరిండ్లూ తిరిగి, బిచ్చం ముగించుకుని ఇంటికి వచ్చిన నంజుండప్ప వాకిట్లోనే ఆగిపోయాడు. మూడు గజాల జాగాలో గుంజలు లేవు. నాలుగు గుంతలు ఉన్నాయి. ఆవు ఎండలో నిలబడి ఉంది. నంజుండప్ప గడప ముందే తడిపంచెతో, నామంతో ఎల్లప్ప చెంబు చాచి ఉన్నాడు. నరసమ్మ నవ్వు ఆపుకోలేక చేట పట్టుకుని ఊగిపోతోంది.

“నువ్వు తల ఊపేటప్పుడు ఈ అన్న పెరట్లో తలంటుకుంటా ఉండినాడంట,” అంది. “నేను బియ్యం పెట్టనేమో, మొక్కు తప్పిపోతుందేమోనని ఈయన కూడా పదిదినాల్నుంచి నిద్రపోలేదని తాయమ్మ చెప్పింది. నువ్వట్ల పోతానే, నువ్వు ఒప్పుకున్న సంగతి తెలీక గుంజలన్నీ పీకేసి వచ్చినాడు.”

“ఎందుకు పీకినావు బావా?” అన్నాడు నంజుండప్ప. “కొట్టం ఉండనీమని ఇప్పుడే ఒప్పుకొంటి గదా!”

ఎల్లప్ప నాలుగు గుంతల వైపు చూశాడు. తన వాకిట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్న తాయమ్మ వైపు చూశాడు. అనాల్సినవి చాలా ఉన్నాయి. కానీ ఇంకా ఆరిండ్లు తిరగాలి.

“గోవిందా...” అన్నాడు, చాలా పొడుగ్గా.

రెండిండ్ల తళిగలూ ఒకేచోట వేశారు. భోజనాలయ్యాక మళ్లీ తగువు మొదలైంది. జాగా నువ్వే తీసుకోమని ఇతను, నాకొద్దు, తులసికోట కట్టుకోమని అతను. చివరికి చెన్నప్ప విసుక్కుని, ఆవును ఒక పక్క, కోటను ఇంకో పక్క పెట్టమన్నాడు. ఆవు మెడ చాచినా తులసి అందనంత ఎత్తుగా ఇద్దరూ కలిసి ఇటుకలు పేర్చారు.

సాయంకాలం పాలు పోసిన కాఫీతో, రేడియో ముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇరాక్ వెనక్కి పోలేదు, ఆంక్షలు అలాగే ఉన్నాయి అని వార్తల్లో చెప్పారు.

“ఇన్ని దేశాలు కూడినా తేలలేదే బావా, ఏమి కారణమో?” అన్నాడు నంజుండప్ప.

“వాళ్లకు ఒకరింటికి ఒకరు బిచ్చానికి పోయే మొక్కు లేనట్టుండాది,” అంది నరసమ్మ, ఖాళీ గ్లాసులు తీసుకుంటూ.