బొమ్మ పడ్డ రోజులు

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. టిఫిను బల్ల దగ్గర అరగంట కూర్చోవాలి. మామగారు ఎన్నిసార్లు వంక పెడతారో గీతలు గీసి లెక్కపెట్టాలి. సాయంత్రం నాలుగింటికల్లా మనస్తత్వశాస్త్రం ప్రాక్టికల్ రికార్డు కాలేజీలో ఇచ్చేయాలి. పిల్లలిద్దరూ బడిలో పడ్డాక మళ్లీ చదువులో చేరిన మనిషి ఆమె. రికార్డు ఇవ్వకపోతే ఏడాది నీళ్లపాలే. వంకలకా, ఇంట్లో కొరత లేదు. మామగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పాల మీద మీగడ ఒక పక్కకు ఒరిగిందని కూడా అనగలరు.

అయితే ఆమె ఒక పొరపాటు చేసింది. గీత గీసినప్పుడల్లా మామగారి ముఖంలోకి చూసింది. మొదటి వంక ఉప్పు మీద, రెండోది గ్లాసు మీద. మూడోదానికి ఆయన నోరు తెరిచి, పెన్సిలు లేవడం చూసి, మూసుకున్నారు. కోడలు తన ముద్దలు లెక్కపెడుతోందని ఆయన అనుమానం. కంచం పక్కకు జరిపి, మాట కూడా మానేశారు.

నాన్న వంక పెట్టకుండా కంచం ముందు కూర్చోవడం కొడుకు బుద్ధెరిగాక చూడలేదు. కంగారుపడి కింది వాటాలోని కాంపౌండరును పిలుచుకొచ్చాడు. కాంపౌండరు ఆయన్ని పేరు చెప్పమన్నాడు, తను చూపిన వేళ్లు ఎన్నో చెప్పమన్నాడు. కోడలి చేతిలో పెన్సిలు ఇంకా ఉంది గనక మామగారు పెదవి విప్పలేదు. మాట పడిపోయిందేమోనన్న అనుమానం మెట్లు దిగేసరికి మనిషికి స్పృహే లేదన్నదాకా పెరిగింది. పది నిమిషాల్లో ఇరుగుపొరుగు కుర్చీ తెచ్చి, ఆయన్ని అందులో కూర్చోబెట్టి, తువ్వాళ్లతో కట్టి, ఆసుపత్రికి మోసుకుపోవడానికి సిద్ధమయ్యారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే అనుకుంటూ కోడలు అందరి ముందూ నోటుపుస్తకం తెరిచి నిజం ఒప్పుకుంది.

కుర్చీలోంచి మామగారు అప్పుడు నోరు విప్పారు. "ముందు ఈ కుర్చీ కాలు చేయించండి. కుంటుతోంది."

అది మూడో వంక. గీత గీయాలని ఎవరికీ తట్టలేదు.

జనం వెళ్లిపోయాక కోడలు వంటింట్లో పీట మీద కూలబడింది. రెండు గీతల రికార్డు ఎవరు తీసుకుంటారు? ఆమె ఎదుట మామగారు ఇక వంక పెట్టేదెప్పుడు? అత్తగారు ఏమీ అనకుండా బియ్యం డబ్బా వెనక నుంచి ఒక క్యాలెండరు తీసి ఒళ్లో పెట్టారు. మూడు నెలల గడులు. ప్రతి గడిలో చుక్కో సున్నానో, పక్కన ఒక అంకె.

"పొద్దున్నే నాణెం ఎగరేస్తానే. బొమ్మ పడితే వడ్డించే ముందు మీ మామయ్యను రుచి చూసి చెప్పమంటాను. బొరుసు పడితే అడగను. తరవాత ఎన్ని వంకలో రాసుకుంటాను."

అడిగిన రోజుల్లో సగటున రెండు. అడగని రోజుల్లో తొమ్మిది.

"నాణెం ఎందుకత్తయ్యా? మీకు తోచిన రోజు అడగొచ్చుగా."

"నాకు తోచిన రోజంటే ఆయన నవ్వుతూ లేచిన రోజేగా తల్లీ. అప్పుడు వంకలు తగ్గింది నేనడిగినందుకో, ఆయన బాగా నిద్రపోయినందుకో ఎట్లా తెలుస్తుంది?"

పాఠ్యపుస్తకంలో పదకొండు పేజీలు నమిలినా కోడలికి ఒంటబట్టని సంగతిని, ఆరో తరగతితో బడి మానేసిన మనిషి గరిటె తిప్పుతూ రెండు ముక్కల్లో తేల్చేశారు.

ఈ క్యాలెండరునే రికార్డుగా ఇవ్వడానికి ఇక మామగారి సమ్మతి సంతకం ఒక్కటే తక్కువ. ఆయన కళ్లజోడు పెట్టుకుని క్యాలెండరంతా చదివారు, సంతకం చేశారు, కలానికి మూత పెడుతూ అన్నారు: "నాణెం గచ్చు మీద పడితే టింగుమంటుంది కదమ్మా. మొదటి వారమే తొంగిచూసి సంగతి కనిపెట్టాను. బొమ్మ పడ్డ రోజు వంకలు దిగమింగుకుని తినేవాణ్ణి. పాపం, మీ అత్తయ్య అంత శ్రద్ధగా రాసుకుంటోందాయె."

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. మూడు నెలల పని గంగలో కలిసింది. కోడలు మాత్రం గడియారం చూసి, రికార్డు మీది శీర్షిక కొట్టేసి కొత్తది రాసింది: 'తనను గమనిస్తున్నారని తెలిసిన మనిషి నడవడి'. పొద్దుటి రెండు గీతలు, కాంపౌండరు, కుర్చీ, క్యాలెండరు అన్నీ అందులో ఒదిగిపోయాయి. పరిశోధకుల పేర్ల దగ్గర అత్తగారి పేరు ముందు రాసి, తన పేరు కింద రాసుకుంది. నాలుగుకు పది నిమిషాలుండగా ఇచ్చేసింది, గట్టెక్కింది.

మరునాటి నుంచి అత్తగారు నాణేన్ని దిండు మీద పడేట్టు ఎగరేస్తున్నారు.