అప్పాజీగారి నాలుగో స్టేజీ

"మా బావగారికి వచ్చింది అల్లాటప్పా జబ్బు కాదండీ, నాలుగో స్టేజీ క్యాన్సర్!" అని అచ్చిబాబు ప్రకటించగానే రామచంద్రపురం యావత్తూ లేచి నిలబడినంత పని చేసింది.

అప్పాజీగారు సామాన్యుడా! సదాచార సంఘానికి అధ్యక్షుడు. చుట్ట ముట్టలేదు, మందు వాసన చూడలేదు, పరస్త్రీ ఎదురైతే కళ్లజోడు తీసి జేబులో పెట్టుకునేవారు. రెండువేల తొమ్మిదిలో ఆయన మెడ మీద గడ్డ లేచింది. రాజమండ్రిలో పరీక్ష చేసి గొంతు క్యాన్సర్ అన్నారు. మెడ గ్రంథులకి పాకింది కాబట్టి పుస్తకం ప్రకారం నాలుగో స్టేజీ.

ఆయన మొదట వణికిపోయారు. తరవాత మర్యాదలు మొదలయ్యాయి. గట్టు తగాదాలో ఉన్న పక్క చేనువాళ్లు అరటిగెల పట్టుకొచ్చారు. సంఘం కార్యదర్శి సత్తియ్య, సంతాపసభ ఇప్పుడే పెడదామన్నాడు.

"పోయాక పెడితే తమరు వినలేరు కదండీ!"

అప్పాజీగారు పొంగిపోయారు. వైద్యం వద్దు, పుణ్యాత్ముడిలా పోతానన్నారు.

అంతలో ఆయన్ని పరీక్ష చేసిన రాజమండ్రి డాక్టర్ దుర్గాశ్రీ పిలిపించింది.

"శుభవార్తండి! మీది వైరస్ వల్ల వచ్చిన రకం. ఆ స్టేజీలు పొగతాగేవాళ్లని చూసి కట్టినవి. ఈ రకానికి వేరే లెక్క ఉండాలని పెద్ద డాక్టర్లే అంటున్నారు. వైద్యం చేస్తే ఎక్కువమంది ఏళ్ల తరబడి బతుకుతున్నారు."

"వైరస్సంటే... జలుబులాంటిదా అమ్మా?"

"కాదండి. ఆడా మగా దగ్గరైనప్పుడు అంటుతుంది. చాలామందికి వచ్చి దానంతటదే పోతుంది. కొందరిలో కుర్రతనంలో అంటినది ఏళ్లపాటు నక్కి ఉంటుంది."

కాకినాడలో తాను చదివిన చదువులో పుస్తకాల్లో లేని భాగం అప్పాజీగారికి గుర్తొచ్చి చెమటలు పట్టాయి.

"అమ్మా, చుట్ట వల్ల వచ్చిందని రాసెయ్యండి."

"మీరు చుట్ట తాగరు కదండీ!"

"ఇవాళే మొదలెడతాను!"

"అప్పుడు బతికే ఆశ తగ్గిపోతుందండి."

"తగ్గనివ్వండమ్మా! పరువు తగ్గకూడదు గదా!"

పక్కనే ఉన్న భార్య సత్యకుమారి పైట సర్దుకుంది.

"ఏవండీ, ఆ కాకినాడ సంగతి పెళ్లినాడే మీ మేనత్త చెప్పింది. మీ పరువు ఇన్నాళ్లూ నేనే కాశాను, ఇక ముందూ కాస్తాను. ముందు వైద్యానికి ఒప్పుకోండి."

అప్పాజీగారు తల దించుకుని ఒప్పుకున్నారు. రేడియేషన్ కరెంటు పెట్టారు, మందులెక్కించారు. నోరు ఎండిపోయింది, గంజి కూడా దిగలేదు. సత్యకుమారి చెంచాతో పట్టి బతికించుకుంది. గడ్డ కరిగింది.

ఊరికి మాత్రం ఇది మింగుడుపడలేదు. సంఘమంతా కట్టగట్టుకుని వచ్చింది.

"నాలుగో స్టేజీ అన్నారు, ఇంకా తిరుగుతున్నారేంటండి? సభకి షామియానా కూడా చెప్పేశాం!" అన్నాడు సత్తియ్య నొచ్చుకుంటూ.

గంజి దిగని రోజులు చూసిన గొంతుకి అబద్ధం దిగలేదు. అప్పాజీగారు వైరస్ సంగతి, అది అంటుకునే తీరు ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఛీ అంటారనుకున్నారు. ఒక్కరూ అనలేదు. అందరూ మెడలు తడుముకుంటూ, పనులున్నాయని లేచిపోయారు.

సోమవారం ఆయన చెకప్‌కి వెళ్లేసరికి డాక్టరమ్మ గది ముందు బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. మెడకి మఫ్లరు చుట్టుకున్న సత్తియ్య దగ్గు తెచ్చుకుని దగ్గాడు. అచ్చిబాబు గోడవైపు తిరిగి, పోలియో చుక్కల పోస్టరు శ్రద్ధగా చదువుతున్నాడు. వెనక బెంచీలో సంఘం కార్యవర్గం, ఎవరికీ ఎవరూ తెలియనట్టు!

అప్పాజీగారు కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చున్నారు.

"కోరం ఉందండీ. మీటింగు మొదలెడదామా?"