ఉపగ్రహం పండించిన మిరప

రెబ్కా తుంగ కోసుకునే చిత్తడిని మిరపతోటగా రాసిన దొరలారా, దొంగలు మీరు. ఆ దొంగతనం ఎంత శాస్త్రీయంగా జరిగిందో వినండి.

1986లో కొత్తపట్నం దగ్గర ఒక ఊరికి ఆకాశం నుంచి మ్యాపు దిగింది. ఏడొందల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఉపగ్రహం తీసిన ఫొటో. అందులో ఊరి పల్లపు చిత్తడి ఎర్రగా నిగనిగలాడుతోంది. సర్వే అధికారిగారిది గుంటూరు. ఎరుపు కనబడగానే ఆయనకు నోరూరింది. "మేలురకం మిరప" అని రాసేశారు. విమానం నుంచి తీసిన ఫొటోలో రెబ్కా గట్టు మీద ఎండబెట్టిన తుంగ కనబడింది. దాన్ని కళ్లం అన్నారు. తోట ఉంది, కళ్లం ఉంది, ఇక రైతు ఉండాలి కదా. మాజీ ప్రెసిడెంటు అంకమ్మరావు ఊరి మేలు కోరి, తోటను తన పేర రాయించుకుని ఆ భారం తలకెత్తుకున్నాడు.

బడిపంతులు ప్రేమదాసు మ్యాపు అడుగున ఇంగ్లీషులో ఉన్న చిన్న అక్షరాలు చదివి, ఈ ఫొటోల్లో పచ్చని మొక్క ఎర్రగా పడుతుందటండీ అన్నాడు. ఎరుపు ఎరుపే మాష్టారూ అని అధికారిగారు ఆయన్ని కూర్చోబెట్టారు.

చాపలల్లి బతికే రెబ్కాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా దిగినట్టే మోకాటిలోతు నీళ్లలో దిగి తుంగ కోసింది. మిరపదొంగ అని పట్టుకుని అధికారిగారి ముందు పంచనామా రాశారు: "మిరప మొక్కలు ఒక మోపు. ఎత్తు ఐదడుగులు. కాయలు లేవు. నిందితురాలు ముందే కోసి దాచి ఉండవచ్చు."

రెబ్కా మోపులోంచి ఒక తుంగకాడ పీకి అధికారిగారి చేతిలో పెట్టింది.

"అయ్యా, రెండ్రోజులు నీళ్లు నిలిస్తే మిరప చచ్చిపోద్ది. ఇది పుట్టిందే నీళ్లలో. మీరే కొరికి చెప్పండి."

ఊరంతా చూస్తోంది. అధికారిగారు కొరికారు. చాలాసేపు నమిలారు. శాఖ గౌరవం కోసం మింగారు కూడా.

"ఘాటు తక్కువ రకం," అని ప్రకటించారు.

"అట్టయితే ఓ మోపు ఇంటికి తీసుకెళ్లండి. అమ్మగారు పచ్చడి పడతారు," అంది రెబ్కా.

జనం నవ్వారు. నవ్వి ఊరుకున్నారు. ఆ సాయంత్రమే ఊరి సభలో అంకమ్మరావు మెడలో ఉత్తమ రైతు దండ పడింది, చిత్తడి చుట్టూ ముళ్లకంచె పడింది. సభలో అందరూ కూర్చున్నది రెబ్కా అల్లిన చాపల మీదే. నీళ్లలో మిరప బతకదని తెలియని రైతు అక్కడ ఒక్కడూ లేడు. అయినా చప్పట్లు మోగాయి. అందులో మీ చేతులూ ఉన్నాయి, వెనక్కి దాచుకోకండి.

రెబ్కా ఇంట్లో సగం అల్లిన చాప ఉంది. తుంగ లేదు. కాబట్టి మిరప అన్న ఆ రాత కొట్టేయండి. కంచె పీకండి. అధికారిగారు బూట్లు విప్పి ఆ నీళ్లలో దిగాలి. చప్పట్లు కొట్టిన ప్రతివాడూ కొడవలి పట్టుకుని రెబ్కా వెనక నడవాలి. మళ్లీ మ్యాపు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇవాళే.