తేదీ లేని పరీక్ష

షెడ్యూలయ్య అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. లిఫ్టులు బిగించే కంపెనీలో అతని ఉద్యోగం. ఏ లిఫ్టు ఏ రోజుకల్లా ఏ అంతస్తుకు చేరాలో రంగురంగుల గళ్లలో వేసి ఇస్తాడు. లిఫ్టులు మాత్రం తమకు తోచినప్పుడే చేరతాయి.

ఈ మధ్య అతను ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పరీక్షకు చదువుతున్నాడు. ఈ మధ్య అంటే ఐదు నెలలుగా. కొత్త ఆసుపత్రికి పద్నాలుగు లిఫ్టులు పెట్టే పని కంపెనీకి వచ్చింది. నెలాఖరులోగా ఆ సర్టిఫికెట్ తెస్తే పని నీ చేతికిస్తాను, లేకపోతే బయటినుంచి మనిషిని తెచ్చుకుంటాను అని మేనేజరు మొహం మీదే చెప్పాడు.

దరఖాస్తు ఆమోదం పొందింది. రుసుము కట్టడం అయింది. తేదీ ఎంచుకోవడం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ షెడ్యూలయ్య ఎంచుకోలేదు.

ఎందుకో అతనికి తెలుసు. తెలుసు గనకే ఆ వైపు చూడడు. ఏడాదిన్నర కిందట, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒకసారి వెళ్లి ఆ పరీక్ష రాశాడు. తప్పాడు. లిఫ్టు తనిఖీకి వెళ్లొచ్చానని భార్యకు చెప్పాడు. ఆ ఫలితం కాగితాన్ని పరీక్ష కేంద్రం బయటే పదహారు ముక్కలు చేసి పారేశాడు గానీ, ముక్కలు పదహారూ ఇంకా లోపలే ఎక్కడో ఉన్నాయి.

తేదీ లేని పరీక్షలో ఎవరూ తప్పరు. చదువుతున్నంతకాలం అతను పాసవబోయే మనిషి. ఆ మనిషికి మధ్యగది ఇచ్చారు. తలుపు దగ్గరికి టీ వస్తుంది. గిన్నెలు, బట్టలు, కూరగాయలు, అటక మీది సామాను అన్నీ మాఫీ. అంత సుఖాన్ని ఒక్క తేదీ కోసం పాడుచేసుకోవడం అతనికి తెలివైన పనిగా తోచలేదు.

అయితే ఐదు నెలల తర్వాత ఇంట్లో ఆ మర్యాద కాస్త పలచబడింది. టీ వస్తోంది గానీ చల్లగా వస్తోంది. దాంతో షెడ్యూలయ్య ఒక పథకం వేశాడు. తాను చదివే శాస్త్రాన్ని ఇంటికే అమలుచేస్తే, అది చదువులోకే లెక్క వస్తుంది. మేనేజరు పెట్టిన గడువు సంగతి ఎలా ఉన్నా, ఇంకో రెండు నెలలు హాయిగా గడుస్తాయి.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి పొయ్యికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇవాళ్టినుంచి మనకి రోజూ నిలుచుని సమావేశం. తలా మూడు ముక్కలు చెప్పాలి. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, మీ పనికి అడ్డంకులు ఏమిటి?"

భార్య పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు చూస్తుంది. తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి. గరిటె ఎత్తి పట్టుకుని అంది. "నిన్న వంట చేశాను. ఇవాళ వంట చేస్తాను. అడ్డంకి మీరు. జరగండి, పొయ్యి కనబడటం లేదు."

"అత్తయ్యా, మీరు?"

అత్తగారు వాళ్లింట్లోనే ఉంటుంది. కూర్చుని మాట్లాడటానికే ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. "నాకు నిలుచోవడమే అడ్డంకి, అల్లుడుగారూ," అంది.

సమావేశం విజయవంతమైందని అతను నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

సాయంత్రానికి మధ్యగది గోడ నిండా రంగు కాగితాలు అతుక్కున్నాయి. ఇంటి పనులన్నిటికీ ఒక పట్టిక వేశాడు. ఎవరు చేయాలి, ఎవరు బాధ్యత వహించాలి, ఎవరిని సంప్రదించాలి, ఎవరికి తెలియజేస్తే చాలు, అని నాలుగు గళ్లు. భార్య కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది.

"చేసేది నేను. బాధ్యత నాది. సంప్రదించేది మా అమ్మని. మరి మీరేరీ?"

"చివరి గడి."

"అంటే మీకు తెలియజేస్తే చాలు."

"అంతే. నా మీద ఎక్కువ భారం వద్దని."

"అయితే తెలియజేస్తున్నాను. ఇవాళ్టినుంచి ఈ గదికి టీ రాదు."

అది పట్టికలో లేని మార్పు అని, మార్పు కావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలని అతను చెప్పబోయాడు. ఆమె అప్పటికే వెళ్లిపోయింది.

అసలు గొడవ మర్నాడు మొదలైంది. గోడ మీద ఎర్ర కాగితాల వరుస ఒకటి ఉంది. ప్రాజెక్టుకు ముంచుకురాగల ముప్పుల జాబితా అది. అతను స్నానానికి వెళ్లినప్పుడు, పేపరు కోసం గదిలోకి వచ్చిన అత్తగారు మూడో ఎర్ర కాగితం గట్టిగా చదువుకుంది.

"ముప్పు: అత్తగారి టీవీ. జరిగే అవకాశం: రోజూ. తీవ్రత: భరించరానిది. పరిష్కారం: బావమరిది ఇంటికి బదిలీ."

షెడ్యూలయ్య తువ్వాలుతో బయటికొచ్చేసరికి హాల్లో ఆమె సంచి సర్దుకుని ఉంది. చెవి దగ్గర ఫోను. "ఒరే పెద్దోడా, మీ బావ నన్ను మీ ఇంటికి బదిలీ చేశాడురా. ఉత్తర్వులు గోడకి అంటించాడు."

అతను ఫోను అందుకున్నాడు. అవతలినుంచి బావమరిది కంగారుగా అడిగాడు. "బావా, శాశ్వతమా, డెప్యుటేషనా?"

ఫోను పెట్టేసి అత్తగారి ముందు కూర్చున్నాడు. "అత్తయ్యా, ముప్పు అంటే తిట్టు కాదు. అది మా పుస్తకంలో మాట. మంచి ముప్పులు కూడా ఉంటాయి తెలుసా?"

"మరి నేను మంచిదాన్నా, చెడ్డదాన్నా?"

షెడ్యూలయ్య ఆలోచించాడు. అదే అతను చేసిన పొరపాటు. ఆలోచనకు పట్టిన రెండు క్షణాల్లో ఆమె చెప్పులు వేసేసుకుంది.

భార్య వచ్చి తల్లి చేతిలో సంచి అందుకుంది. "ఏవండీ, పరీక్ష అయిపోయేదాకా అమ్మని ఎక్కడికి పంపుతారు? ఇంతకీ పరీక్ష ఎప్పుడు?"

"అదుగో, దగ్గరికొచ్చింది."

ఆమె గదిలోకి వెళ్లి గోడ ముందు నిలబడింది. అటక దులపడానికి తేదీ ఉంది. దుప్పట్లు ఉతకడానికి ఉంది. అన్నిటికన్నా చివర గులాబీరంగు కాగితం మీద 'పరీక్ష' అని రాసి ఉంది. దాని కింద ఏమీ లేదు.

అతను వెనకే వచ్చి గొంతు సవరించుకున్నాడు. "ముందు నాలుగో విడత పునశ్చరణ అవ్వాలి. ఆ తర్వాత దాని మీద సమీక్ష. అప్పుడు గానీ..."

ఆమె ఏమీ అనలేదు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమె ఏమీ అనని సందర్భాలు అతనికి వేళ్ల మీద లెక్క. ప్రతిదాని తర్వాతా ఏదో ఒకటి జరిగింది.

రెండు రోజులు పోయాక, ఆదివారం పొద్దున ఆమె తల దువ్వుకుంటూ అడిగింది. "మీకు బుర్ర పొద్దున బాగా పనిచేస్తుందా, మధ్యాహ్నమా?"

తన బుర్ర గురించి భార్య ఆరా తీసి చాలా కాలమైంది. షెడ్యూలయ్య పొంగిపోయాడు. ఏకాగ్రత గురించి, మెదడుకు రక్తప్రసరణ గురించి పది నిమిషాలు ఉపన్యసించి, పొద్దున తొమ్మిదికి తనంతవాడు లేడని ముగించాడు.

"సరే," అందామె.

మంగళవారం ఆఫీసునుంచి వచ్చేసరికి గులాబీ కాగితం మీద తేదీ ఉంది. 'గురువారం, ఉదయం తొమ్మిది.' భార్య అక్షరాలు.

"ఇదేమిటి?"

"పరీక్ష."

"ఎవరు పెట్టారు?"

"నేనే. మీ పాస్‌వర్డు గోడ మీదే ఉందిగా, పచ్చ కాగితం మీద. మూడు నిమిషాల పని."

"నాకు కబురైనా రాలేదే!"

"ఆదివారమే ఈమెయిల్ వచ్చింది. మీ ప్రణాళికలో ఈమెయిళ్లు చూడటం శనివారం కదా."

షెడ్యూలయ్య కుర్చీలో కూలబడ్డాడు. "మార్చేయ్. వెంటనే మార్చేయ్."

"రెండు రోజుల ముందైతే మార్చనిస్తారట. ఆ గడువు ఇవాళ పొద్దున తొమ్మిదికి అయిపోయింది. అందుకే ఇప్పుడు చెబుతున్నా."

"నన్ను ఒక్కమాట అడగాల్సింది."

"అడిగానుగా, పొద్దునా మధ్యాహ్నమా అని. పన్ను పీకించుకోవడానికి వస్తారా అని అడిగితే ఏ పేషెంటూ రాడండీ. ఏ పూట అని అడగాలి. మా క్లినిక్‌లో రోజూ నేను చేసే పనే."

అతనికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని కింద ఎక్కడో, ఐదు నెలలుగా బిగబట్టిన ఊపిరి ఒకటి వదులైనట్టు కూడా అనిపించింది. ఆ సంగతి ఆమెకు తెలియకూడదని మొహం ఇంకాస్త ముడుచుకున్నాడు.

ఆఫీసుకు సెలవు పెట్టి బుధవారమంతా చదివాడు. గోడవైపు చూసే తీరిక లేదు. ప్రశ్నల పుస్తకం అత్తగారు పుచ్చుకుంది. బదిలీ రద్దయినా పగ రద్దవలేదు.

"మీ జట్టులో ఒకడు పని ఆలస్యం చేస్తున్నాడు. మీరు మొదట ఏం చేస్తారు?"

"పైవాళ్లకి ఫిర్యాదు చేస్తాను."

"తప్పు. ముందు వాణ్ని పిలిచి మాట్లాడాలట." ఆమె కళ్లజోడు మీదుగా చూసింది. "మనిషిని అడక్కుండా గోడకి కాగితం అంటించమని ఎక్కడన్నా రాశాడేమోనని చూస్తున్నా. ఇప్పటికి నూట పది ప్రశ్నలు చూశాను. ఒక్కదాంట్లోనూ లేదు."

"అత్తయ్యా, క్షమించండి."

"అది జవాబుల్లో లేదు. కానీ బాగుంది. తర్వాతి ప్రశ్న."

గురువారం పరీక్ష కేంద్రంలో జేబులు తిరగేయించారు. చేతి గడియారం తీయించారు. కంప్యూటరు ముందు కూర్చున్నాక మొదటి పది ప్రశ్నలూ మసగ్గా కనిపించాయి. ఆ తర్వాత ప్రతి ప్రశ్నా అత్తగారి గొంతుతో వినిపించసాగింది. ఫిర్యాదు చేయాలని చెయ్యి వెళ్లినప్పుడల్లా కళ్లజోడు మీదుగా ఎవరో చూస్తున్నట్టుండేది. చెయ్యి వెనక్కి వచ్చి, మనిషిని పిలిచి మాట్లాడే జవాబు మీద వాలేది.

నాలుగు గంటలు గడిచాక తెర మీద ఫలితం వచ్చింది. అతను దాన్ని మూడుసార్లు చదివాడు. పాస్.

రెండున్నరకల్లా ఇంట్లో ఉన్నాడు. భార్య సగం రోజు సెలవు పెట్టి వచ్చి కూర్చుంది. అతను మొహం గంభీరంగా పెట్టి, కాస్త ఏడిపిద్దామని తల వంచుకున్నాడు.

"పాసయ్యారుగా," అందామె.

"నీకెలా తెలుసు?"

"ఎండ ఉండగానే ఇంటికొచ్చారు. పోయినసారి దీపాలు పెట్టాక గానీ రాలేదు."

షెడ్యూలయ్య వంచిన తల ఎత్తాడు. "పోయినసారి... లిఫ్టు తనిఖీ..."

"ఏ లిఫ్టండీ? ఆ రోజు వస్తూనే, అడక్కుండా గిన్నెలన్నీ తోమారు. వారం రోజులు వరసగా తోమారు. ఏ లిఫ్టు చూసొస్తే మగవాడు అంత మంచివాడైపోతాడు? అన్నాళ్లూ మీరు దాచిదాచి చదివిన పరీక్ష పుస్తకం ఆ రోజునుంచి ఇంట్లో కనబడకపోయేసరికి సంగతి తెలిసింది."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే తోమడం మానేస్తారని."

ఏడాదిన్నరగా ఒంటరిగా మోస్తున్నాననుకున్న బరువుకు అవతలి కొస ఈవిడ పట్టుకుని ఉంది. సిగ్గు వేసింది. హాయిగానూ ఉంది. ఈ రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎక్కడ నిలబడాలో అతని పట్టికలో ఏ గడీ లేదు. నేరుగా వంటింట్లోకి నడిచి, చొక్కా చేతులు మడుచుకుని, మధ్యాహ్నం గిన్నెలు ముందేసుకున్నాడు.

పెరటిలోంచి వస్తున్న అత్తగారు గుమ్మంలో ఆగిపోయింది. అల్లుణ్ని చూసింది. నురగ చూసింది. గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మాయ్!" అని గట్టిగా పిలిచింది. "మళ్లీ పోయిందే!"